ప్రోటీన్ స్కిమ్మర్ కొంటున్నారా? డబ్బా మీద లీటర్లు వదిలేయండి, పంపు చూడండి

గాడ్జెట్ సైట్‌లో చేపల తొట్టి గొడవేంటి అనుకోకండి. ఉప్పునీటి అక్వేరియంలో వాడే ప్రోటీన్ స్కిమ్మర్‌కి కూడా ఇప్పుడు వైఫై, యాప్ వచ్చేశాయి. స్పెక్ షీట్ కూడా ఉంది. ఫోన్లలో మెగాపిక్సెల్స్‌తో ఆడిన ఆటే ఇక్కడ లీటర్లతో ఆడుతున్నారు.

అది చేసే పని సింపుల్. పంపు గాలినీ నీటినీ కలిపి సన్నటి బుడగలు చేస్తుంది. చేపల వ్యర్థాల్లోంచి, మిగిలిపోయిన మేతలోంచి నీటిలో కరిగిన ప్రోటీన్లు ఆ బుడగలకు అంటుకుని, నురగలా పైకొచ్చి కప్పులో పడతాయి. పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే తెట్టు తీసేస్తాం కదా, అలాగన్నమాట. ఆ చెత్త కుళ్లి అమ్మోనియా, నైట్రేట్‌గా మారకముందే బయటికి పోతుంది. మంచినీటిలో బుడగలు అంత సన్నగా నిలవవు కాబట్టి గోల్డ్ ఫిష్ వాళ్లకి దీంతో పనిలేదు.

ఇక డబ్బా మీద "500 లీటర్ల వరకు" అని ఉంటుంది. ఆ అంకెకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న టెస్ట్ అంటూ ఏమీ లేదు. ఎన్ని చేపలు, ఎంత మేత అనేది చెప్పకుండా లీటర్లు చెబితే ఏం లాభం? అలాగని "పెద్దది కొంటే సేఫ్" అనే సలహా కూడా నేను ఒప్పుకోను. 120 లీటర్ల తొట్టి, అందులో రెండు క్లౌన్ ఫిష్ ఉంటే, 500 లీటర్ల స్కిమ్మర్‌కి నురగ కట్టేంత సరుకే దొరకదు. తొట్టి సైజుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల రేటింగ్ చాలు.

అసలు చూడాల్సింది పంపు. గంటకి ఎన్ని లీటర్ల గాలి లాగుతుంది, ఎన్ని వాట్లు తింటుంది, ఇంపెల్లర్ విడిగా దొరుకుతుందా అని అడగండి. ఇది 24 గంటలూ తిరిగే మెషిన్. 8 వాట్ల పంపు ఏడాదికి సుమారు 70 యూనిట్లు తీసుకుంటే, 25 వాట్లది 219 యూనిట్లు తీసుకుంటుంది. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా ఏటా దాదాపు 1,200 తేడా. చవకగా వచ్చిందని సంబరపడేలోపే కరెంటు బిల్లు ఆ మిగులుని తినేస్తుంది. బబుల్ మాగస్, రీఫ్ ఆక్టోపస్ లాంటి పేర్లకి కాస్త ఎక్కువైనా పెట్టమనేది కూడా స్పేర్ పార్టుల కోసమే. పేరు లేని మోడల్‌కి ఇంపెల్లర్ విరిగితే మొత్తం డబ్బాయే పారేయాలి.

యాప్ ఉన్న డీసీ మోడల్స్ బాగానే ఉంటాయి, స్పీడ్ మార్చుకోవచ్చు. కానీ తక్కువ బడ్జెట్‌లో నా ఓటు మామూలు ఏసీ పంపుకే. పాడవడానికి కంట్రోలర్, అడాప్టర్ అంటూ అదనపు భాగాలు ఉండవు. అయితే "అమెరికాలో అన్నయ్య ఉన్నాడు, తెప్పించుకుంటా" అనేవాళ్లు మాత్రం ఆగండి. అక్కడి ఏసీ పంపు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడిచేది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజ్ మారుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మారదు. మన 50 హెర్ట్జ్ మీద పంపు నెమ్మదిగా తిరుగుతుంది, గాలీ తగ్గుతుంది.

సంప్ ఉంటే అందులో పెట్టేదే కొనండి. కాకపోతే అక్కడ నీటి మట్టం ఒకేలా ఉండాలి. ఎండాకాలంలో నీరు ఆవిరై మట్టం దిగితే స్కిమ్మర్ లోపలా దిగుతుంది, నురగ కప్పు దాకా ఎక్కదు. సంప్ లేకపోతే వెనక తగిలించేది తీసుకోండి. చెక్క ఎయిర్‌స్టోన్ వాడే చవక రకం ఒకటుంది. అది పనిచేస్తుంది గానీ, ఆ చెక్క కొన్ని వారాలకే మూసుకుపోయి మళ్లీ మళ్లీ కొనాలి.

సెకండ్ హ్యాండ్ అయితే భయం లేదు. అక్రిలిక్ పగుళ్లు, ఇంపెల్లర్ షాఫ్ట్ చూసుకోండి. లోపల పేరుకున్న తెల్లటి గారకి నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో ఓ రాత్రి నానబెడితే చాలు. కొత్తదైనా పాతదైనా మొదటి వారం నురగ సరిగా రాదు. రోజూ నాబ్ తిప్పుతూ కూర్చోకండి.

80 లీటర్ల లోపు తొట్టి, ఒకట్రెండు చేపలైతే స్కిమ్మర్ అసలు వద్దంటాను. వారం వారం 10 నుంచి 15 శాతం నీళ్లు మార్చండి. మిగిలిన డబ్బుతో ముందు బ్యాటరీ ఎయిర్ పంపు కొనండి. రాత్రి కరెంటు పోయి పంపులన్నీ ఆగితే చేపలకి కావాల్సింది ఆక్సిజన్.