బండి కింద పెట్రోలు మరక

పటాన్‌చెరు నుంచి ఒక పాఠకుడు రాశారు: ‘‘మా నాన్నగారు బీహెచ్‌ఈఎల్‌లో ఉద్యోగం చేసేటప్పుడు కొన్న యెజ్డీ మా ఇంట్లో ఉంది. పదేళ్లు మూలపడి ఉన్నదాన్ని ఈమధ్యే బయటికి తీశాను. రాత్రి మెట్ల కింద పెడితే తెల్లారేసరికి నేలమీద మరక, ఇల్లంతా పెట్రోలు వాసన. రోడ్డెక్కితే ఇస్నాపూర్ చేరేలోపే దగ్గుతూ ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ స్టార్టవుతుంది. బోరు పోయింది, ఇంజిను విప్పాలి అంటున్నాడు మెకానిక్. విప్పించమంటారా?’’

అప్పుడే వద్దు. బోరు అరిగితే కిక్కు తేలికైపోతుంది, బండి లాగుడు తగ్గుతుంది. అంతేగానీ నేలమీద పెట్రోలు కారదు. మీరు చెప్పిన రెండు జబ్బులకూ మూలం చాలావరకూ ట్యాంకు మూత నుంచి కార్బొరేటరు దాకా ఉన్న రెండడుగుల దారిలోనే దొరుకుతుంది. పైగా అక్కడ చూడటానికి పెద్ద ఖర్చు కాదు.

దానికన్నా ముందు, బండిని మెట్ల కింద నుంచి తీసేయండి. మన ఇళ్లలో కరెంటు మీటరు, ఇన్వర్టరు, రెండో గ్యాస్ సిలిండరు... అన్నీ అక్కడే ఉంటాయి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు. నేలబారుగా పాకి గుమ్మం దాటి లోపలికొస్తుంది. దేవుడి దగ్గర దీపం, గ్యాస్ పొయ్యి, స్విచ్చు వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ, ఏదైనా చాలు. పాశమైలారం, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ల దగ్గర పనిచేసేవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. డ్యూటీలో అగ్గిపెట్టె దగ్గరికి రానివ్వరు. అదే మనిషి ఇంటికొచ్చాక కారుతున్న బండి పక్కనే కూర్చుని సిగరెట్టు వెలిగిస్తాడు! వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీయండి. పెట్రోలు కాక్ కట్టేసి, స్టార్టు చేయకుండా బండిని ఆరుబయటికి తోసుకెళ్లండి. పనిచేసే చోట ఓ బకెట్ ఇసుక పెట్టుకోండి. పెట్రోలు మంటమీద నీళ్లు పోస్తే మంట ఆ నీళ్లతోపాటే పారుతుంది.

ఇక కారేచోటు. గుడ్డతో అంతా పొడిగా తుడిచి, కింద పాత పేపరు పరచండి. కాక్ కట్టేసి అరగంట చూడండి. అప్పుడూ తడి కనిపిస్తే తప్పు కాక్‌లోనో, అది ట్యాంకుకు బిగిసే చోటనో, ట్యాంకు అతుకుల్లోనో ఉంది. పదేళ్లు ఎండిన కాక్‌లో రబ్బరుగానీ బెండుగానీ గట్టిపడి పగిలిపోవడం మామూలే. కాక్ కట్టేసినప్పుడు పొడిగా ఉండి, తెరవగానే కారితే పైపునూ కార్బొరేటరునూ చూడాలి. యెజ్డీకి పెట్రోలులో ఆయిల్ కలిపి పోస్తాం కాబట్టి ఒక సౌకర్యం ఉంది. పెట్రోలు ఆవిరైపోయినా ఆయిల్ జిడ్డు మిగులుతుంది. ఆ జిడ్డు ఎక్కడ మొదలైందో అక్కడే కన్నం. ట్యాంకుకే చిల్లుంటే మాత్రం మీరు చేతులు పెట్టకండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం, లోపలంతా ఆవిరే ఉంటుంది. దాన్ని శుభ్రంగా కడిగి ఆవిరి లేకుండా చేయడం తెలిసినవాడే వెల్డింగు చేయాలి.

కార్బొరేటరులో దొంగ ఎవరంటే, నూటికి ఎక్కువసార్లు ఫ్లోటు. మన ఇంటి పైనున్న నీళ్ల ట్యాంకులో బంతి తేలి నల్లా మూసినట్టే ఇక్కడ ఫ్లోటు తేలి నీడిల్‌ని పైకి నెట్టి పెట్రోలును ఆపుతుంది. నీడిల్ కొసన గోరు ఆనించి గీయండి. గోరుకు గాడి తగిలితే అది అరిగిపోయింది, మార్చాలి. ఇత్తడి ఫ్లోటైతే చెవి దగ్గర ఆడించండి. లోపల చప్పుడు వినిపిస్తే చిల్లుపడి మునిగిపోతోందన్నమాట. చాలామంది టంకం వేసేస్తారు. లోపల పెట్రోలుండగా దానికి వేడి తగిలితే పేలుతుంది. కొత్తది వేయడమే మేలు. ఒక్కోసారి ఇవేవీ కావు, ట్యాంకు అడుగునున్న తుప్పు రేణువొకటి నీడిల్ కింద ఇరుక్కుంటుంది. అందుకే ట్యాంకు కడగకుండా కార్బొరేటరు ఒక్కటే శుభ్రం చేస్తే వారం తిరక్కుండా కథ మొదటికొస్తుంది. అన్నట్టు, జెట్టు కన్నాన్ని ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తన. కన్నం పెద్దదైపోతే ఆ తర్వాత ఏం చేసినా బండి దారికి రాదు. గాలి కొట్టిస్తే చాలు.

ఇస్నాపూర్ దగ్గర ఆగిపోవడం సంగతి. కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోందని రాశారు కాబట్టి ముందు ట్యాంకు మూత చూడండి. దానికి గాలి పీల్చుకునే సన్నటి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల గాలి చాలక పెట్రోలు కిందికి దిగదు. ఈసారి ఆగినప్పుడు మూత తీయండి. ‘ఉస్సు’మని గాలి లోపలికి పీల్చుకుని, వెంటనే స్టార్టయితే రోగం దొరికినట్టే. సూదితో పోయే పనికి సిలిండరు విప్పడమెందుకు?

మూత బాగానే ఉంటే ప్లగ్గు విప్పండి. నల్లగా తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువ వస్తోంది, మళ్లీ ఫ్లోటు దగ్గరికే వెళ్లాలి. గోధుమరంగు ఉంటే సంతోషం, కాంటాక్టు పాయింట్లు, కండెన్సరు చూసుకోండి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మాత్రం బండి నడపకండి. పెట్రోలు చాలడంలేదు, లేదా ఎక్కడో దొంగగాలి చేరుతోంది. టూస్ట్రోక్ బండికి పిస్టన్‌ను తడిపే ఆయిల్ కూడా ఆ పెట్రోలుతోనే వస్తుంది. అది తగ్గితే హైవే మీద లారీల మధ్య పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోవచ్చు. కార్బొరేటరు ఇంజినుకు అతికేచోట ప్యాకింగు, క్రాంక్‌షాఫ్టు రెండు చివర్లా ఉండే ఆయిల్ సీళ్లు ముందు మార్పించండి. పదేళ్లు కదలని బండిలో సీళ్లు కర్రలా అయిపోతాయి. యాక్సిలరేటరు వదిలినా ఇంజిను వేగం దిగకపోతే ఇదే గుర్తు.

ఇన్నేళ్లలో బండితోపాటు పెట్రోలూ మారింది. 2022 నాటికి దేశంలో సగటున 10 శాతం ఇథనాల్ కలిసింది, 2025కి అది 20 శాతమైంది. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. మీ బండిలోని రబ్బర్లు ఈ పెట్రోలును ఊహించి చేసినవి కావు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. గాల్లోని తేమను లాక్కుంటుంది. నెలల తరబడి కదలకపోతే ఆ నీరు ట్యాంకు అడుగుకు చేరుతుంది. కాక్ తీసుకునేది అడుగునుంచే, ఆ నీటిలో ఆయిల్ ఉండదు! పైగా పాత జెట్టుతో ఈ పెట్రోలు మిశ్రమం కాస్త పలచనవుతుంది, అంటే ప్లగ్గు తెల్లబడే వైపుకే. అందుకే పైపు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునే రకం అడిగి కొనండి. పెట్రోలు పదిహేను రోజులకు సరిపడానే పోయండి. బండి ఆపేసే పనుంటే కాక్ కట్టేసి కార్బొరేటరు గిన్నె విప్పి దింపేయండి. ఆల్విన్ పుష్పక్ స్కూటర్లు దాచుకున్నవాళ్లకూ ఇదే మాట. బుల్లెట్ వాళ్లు అదనంగా ఇంజిన్ ఆయిల్ వాసన చూడండి. పొంగిన పెట్రోలు అందులో కలిసుంటే ఆయిల్ మార్చాకే స్టార్టు చేయాలి.

యెజ్డీ పేరుతో 2022లో కొత్త బళ్లొచ్చాయిగానీ అవి ఫోర్‌స్ట్రోక్. వాటి భాగాలు మీదానికి సరిపోవు. పాత కాక్ పారేయకుండా దగ్గర పెట్టుకోండి. మీ చుట్టూ పారిశ్రామికవాడలో లేతు మిషన్లకు కొదవలేదు. నమూనా చేతికిస్తే ఇత్తడి బుష్ తిప్పి ఇచ్చే పనివాళ్లు దొరుకుతారు.

ఇవన్నీ అయ్యాక కూడా కిక్కుకు పట్టు లేకపోతే, చేత్తో నొక్కినంత తేలిగ్గా దిగిపోతుంటే, అప్పుడు మెకానిక్ మాట విని సిలిండరు విప్పించండి.