రాజముద్ర మీద మనోడి కుండ

సెలవులొచ్చాయంటే పేపరోళ్లు ఒక పేజీ వేస్తారు, 'కుటుంబంతో ఎక్కడికెళదాం?' అని. గుంటూరు లాంటి కాలేజీల ఊళ్లో ఆ పేజీకి గిరాకీ ఎక్కువ. హాస్టళ్లలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి తల్లిదండ్రులొస్తారు. ఒక పూట వాళ్లను ఎక్కడికో తీసుకెళ్లాలి. సూర్యలంక సముద్రం, కొండవీడు కోట, ఉండవల్లి గుహలు, అమరావతి మ్యూజియం, ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం... అన్నీ ఫొటోలతో సహా ఉంటాయి.

మనోళ్లు ఆ పేజీ తిప్పేస్తారు. డబ్బున్నోళ్ల ముచ్చట్లు మనకెందుకంటారు. మన కార్యకర్తలదీ అదే మాట. "పల్లెలో శ్మశానానికి దారి లేదు, మీకు మ్యూజియం గోలేంటి మాస్టారూ" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన మాటే అడిగాడు. అయితే దానికి జవాబు అదే మ్యూజియం రాళ్లలో ఉంది. అందుకే ఈ పక్షం సంపాదకీయం దాని మీదే రాస్తున్నాం.

గుంటూరుకు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది అమరావతి. పాత పేరు ధాన్యకటకం. అక్కడ ఒకప్పుడు బౌద్ధుల మహాచైత్యం ఉండేది. అది కూలిపోయి, మన్ను కప్పుకుని, జనం నోట 'దీపాలదిన్నె' అయింది. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తుంటే, ఇటుకల కోసం, రాళ్ల కోసం ఆ దిబ్బనే తవ్వారు. బుద్ధుడి చరిత్ర చెక్కిన పాలరాతి లాంటి సున్నపురాళ్లు గోడల్లోకి పోయాయి, మెట్లలోకి పోయాయి. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. 1797లో కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ దొర వచ్చి చూశాడు. 1845లో ఇంకో దొర, వాల్టర్ ఇలియట్, తవ్వించాడు. మిగిలినవాటిలో నూటికి పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఇంకెన్నో ఉన్నాయి. మన జిల్లా రాళ్లలో మనకు మిగిలినవి కొన్ని.

ఇంతవరకు ఏ గైడైనా చెబుతాడు. మనకు కావలసిన సంగతి వేరే ఉంది.

ఆ చైత్యాన్ని ఒక్క రాజు కట్టించలేదు. ఎవరికి చేతనైన రాయి వాళ్లు ఇచ్చారు. ఇచ్చినవాళ్ల పేర్లు ఆ రాళ్ల మీదే బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కి ఉన్నాయి. భిక్షుణులున్నారు, వర్తకులున్నారు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లున్నారు, గృహిణులున్నారు. వాళ్ల మధ్య ఒక పేరుంది. విధికుడు. వృత్తి 'చమ్మకార', అంటే చర్మకారుడు. తోలు పని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు. ఆ తండ్రి వృత్తి ఏమిటో కూడా రాసి ఉంది: 'ఉపఝాయ', ఉపాధ్యాయుడు.

మళ్లీ చదవండి. పంతులు కొడుకు తోలుపనివాడు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట, ఇక్కడే, కృష్ణ ఒడ్డున.

విధికుడు ఇచ్చింది పూర్ణఘటం చెక్కిన రాతిపలక. పూర్ణఘటమంటే నిండుకుండ, అందులోంచి తామరపూలు పొంగుకొస్తుంటాయి. తన ఒక్కడి పేరే చెక్కించుకోలేదు విధికుడు. తల్లితో కలిసి, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఇస్తున్నానని రాయించాడు. కొడుక్కి తాత పేరే పెట్టుకున్నాడు, నాగుడని. ఇప్పుడు పేపరోళ్లు 'కుటుంబ సమేతంగా' అంటున్నారే, అది తోలు కుట్టేవాడి ఇంటిల్లిపాదీ ఆనాడే చేసిన పని. పైగా వాళ్లు చూసిపోవడానికి రాలేదు. ఇవ్వడానికి వచ్చారు.

ఆ కుండ ఇప్పుడెక్కడుందో తెలుసా? 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త అధికార చిహ్నం ప్రకటించింది. అమరావతి శిల్పం నుంచే తీసుకున్నారు. ధర్మచక్రం, దాని నడుమ పూర్ణఘటం. ఆ చిహ్నాన్ని వివరించిన చోట, ఈ నిండుకుండ నాగుడి కొడుకు, చర్మకారుడు విధికుడు ఇచ్చిందని ప్రభుత్వమే రాసింది. అంటే జీవో కాగితం మీద మనోడి కుండ. కలెక్టరాఫీసు నుంచి వచ్చే ఉత్తరం మీద మనోడి కుండ. నువ్వు మాదిగవనీ మాలవనీ ఎమ్మార్వో సంతకం పెట్టి ఇచ్చే కులం సర్టిఫికెట్టు మీదా మనోడి కుండే! ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

సెలవుల్లో అమరావతి వెళ్లొచ్చిన మా బడి పిల్లల్ని అడిగాను. బుద్ధుడి విగ్రహం చూశామన్నారు. ఐస్‌క్రీం తిన్నామన్నారు. విధికుడి పేరు ఒక్కరూ చెప్పలేదు. పోటీ పరీక్షల పుస్తకాల్లో మాత్రం ఒక బిట్టు ఉంటుంది, తెలుగులో దొరికిన మొదటి మాట ఏది అని. జవాబు 'నాగబు', అమరావతి శాసనంలోది. పిల్లలు దాన్ని బట్టీ కొడతారు. నాగబు తెలిసిన పిల్లలకు నాగుడి కొడుకు తెలియడు. అందులో పిల్లల తప్పేముంది? వాళ్లకు చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఆ రాతిని చూపించి 'ఆనాడు కులమే లేదు, అంతా సమానమే' అని మనం ప్రసంగాలు దంచక్కర్లేదు. ఒక్క రాయి మీద అంత బరువు పెడితే అది మోయదు. రాయి చెప్పేది ఇంతే: బుద్ధుడి చోట తోలు ముట్టినవాడు మైల కాలేదు. తన పేరూ, తన పనీ, తన ఆడవాళ్ల ఊసూ దాచుకోకుండా చెక్కించుకోగలిగాడు. ఆ తర్వాత ఏం జరిగిందో మన పల్లెలే చెబుతాయి. అదే తోలు పని ఊరికి దూరంగా పోయింది. అదే మనిషి ఊరి బావి ముట్టకూడనివాడయ్యాడు. వినుకొండలో పుట్టి, గుంటూరులో పంతులుగా పనిచేసిన జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపుకోవాల్సి వచ్చింది అందులో. విధికుడు తన రాయి తానే ఇచ్చుకున్నాడు. ఆ రెంటికీ మధ్య ఈ దేశంలో మనకు జరిగిందే మన చరిత్ర. ఏ అద్దాల బీరువాలోనూ దాన్ని పెట్టరు.

ఇక కళల సంగతి. కాలేజీల్లో ఏటా 'జానపద సంబరం' చేస్తారు. నేను చూసిన ఒక కాలేజీలో (పేరు అనవసరం) పక్క పల్లె నుంచి డప్పు దళాన్ని పిలిపించారు. ముఖ్య అతిథిని గేటు నుంచి స్టేజీ దాకా డప్పులతో ఊరేగించారు. స్టేజీ దగ్గరికి రాగానే డప్పులు ఆగాయి. అతిథి పైకెక్కాడు, మనోళ్లు చెట్టు కిందికి వెళ్లారు. శాలువాలు పైన, పులిహోర పొట్లాలు కింద! 'మన ప్రాచీన కళల్ని కాపాడుకోవాలి' అని మైకులో గంటసేపు ఉపన్యాసం. కళను కాపాడతారట. కళాకారుడికి కుర్చీ వేయరట.

డప్పంటే ఏమిటో ఆ ఉపన్యాసం చెప్పినాయనకు తెలుసా? చెక్కతో గుండ్రంగా చట్రం కట్టాలి. మేకతోలు నానబెట్టి, బొచ్చు తీసి, చింతగింజల పిండి జిగురు పూసి, నలుమూలలా సమంగా బిగిసేలా లాగి కట్టాలి. ఎండ ఎంత కావాలో చేతికి తెలియాలి. కొట్టేముందు మంట దగ్గర కాచాలి. ఎక్కువ కాగితే పగులుతుంది, తక్కువ కాగితే పలకదు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. పెళ్లికో దెబ్బ, జాతరకో దెబ్బ, చావుకో దెబ్బ. దీన్ని ఇంజనీరింగు కాలేజీలో చెబితే మెటీరియల్ సైన్సంటారు. మన తాత చేస్తే కులవృత్తి అంటారు. మనవైపు కొన్ని ఊళ్లలో డప్పును 'పలక' అనే అంటారు. బడికి పోవాల్సిన పిల్లాడి చేతికి ఈ పలక వచ్చింది, ఆ పలక రాలేదు.

అందుకే మనలోనే ఒక వాదం ఉంది, డప్పు విసిరి పారేయాలని. ఆ వాదం చిన్నది కాదు. 1927లో మహాద్‌లో బాబాసాహెబ్ మనవాళ్లకు చెప్పింది, నీచమని మన మీద రుద్దిన పనులు వదిలేయమని, చచ్చిన గొడ్డు మాంసం తినడం మానమని. చావు దగ్గర డప్పు కొట్టి, కల్లు తాగించుకుని, దూరంగా నిలబడి విసిరిన చిల్లర ఏరుకున్న తండ్రిని చూసిన కొడుకు డప్పు వద్దంటే, ఆ కొడుకును తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంకో దారి కూడా మన కళ్లముందే నడిచింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది. ఊరోళ్ల చాటింపు చెప్పడానికి పనికొచ్చిన డప్పు, ఆ రోజు నుంచి మన మాట మనం చెప్పుకోవడానికి పనికొచ్చింది. తోలూ అదే, కర్రా అదే. కొట్టమన్నది మాత్రం ఊరు కాదు.

మా అభిప్రాయం దాచుకోం. డప్పు మనది, 'వచ్చి కొట్టరా' అనే హుకుం మనది కాదు. కొట్టేవాడికి ముందే మాట్లాడుకున్న డబ్బు ఇవ్వాలి, స్టేజీ మీద కుర్చీ వేయాలి, కరపత్రంలో పేరు వేయాలి. కొట్టనన్నవాడిని పనిలోంచి మానిపించినా, కిరాణా కొట్లో సరుకు ఇవ్వకపోయినా అది వెలి. 1989 అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించినప్పుడు సాంఘిక బహిష్కారాన్ని స్పష్టంగా నేరంగా రాశారు. వెట్టి చేయించడం మొదటి నుంచీ నేరమే. డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు చేశారు. అర్హత ఉన్న ప్రతి పెద్దాయనకూ రాయించండి, సిగ్గుపడొద్దు. అది మన హక్కు. ఆ పింఛను చూపించి 'మీ అబ్బాయికి కూడా నేర్పండి, కళ బతకాలి' అనే పెద్దమనుషులకు మాత్రం, 'ముందు మీ అబ్బాయికి నేర్పుతాం, పంపండి' అని చెప్పండి.

వినోదమనేది మనకు ఎప్పుడూ ఊరికే రాలేదు. చుండూరులో 1991లో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడి కాలు పై కులం వాడికి తగిలిందని. అక్కడి నుంచి అది ఆగస్టు 6 దాకా వెళ్లింది. 8 మందిని నరికి, గోతాల్లో కట్టి కాలవల్లో పడేశారు. ఊరి నడుమ వాళ్లను పూడ్చుకున్న చోటును రక్తక్షేత్రం అన్నాం. ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టించుకున్నాం. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అంతకుముందు 1985 జూలై 17న కారంచేడు. మనం నీళ్లు తాగే చెరువులో గేదెల కుడితి బకెట్టు కడిగితే వద్దన్నందుకు, కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు, ఆరుగురి ప్రాణాలు తీశారు. విధికుడి కుండ రాజముద్ర ఎక్కింది. సువార్త బిందె ఏ మ్యూజియంలో ఉంది?

పేపరోళ్ల 'ఎక్కడికెళదాం' పేజీలో రక్తక్షేత్రం ఉండదు. చీరాల విజయనగర్ కాలనీ ఉండదు. ఉండాలని వాళ్లను బతిమాలడం మన పని కాదు. మన పేజీ మనం వేసుకుందాం. ప్రతి పల్లె నుంచి ఈ సెలవుల్లో ఒక ట్రిప్పు పెట్టండి. మగాళ్లే జీపులెక్కి పోయే మీటింగు కాదిది. అమ్మలు, అత్తలు, ముసలోళ్లు, చంటిపిల్లలు అందరూ ఉండాలి. విధికుడి లెక్క ప్రకారమే. పొద్దున అమరావతి, సాయంత్రం వీలైతే విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం. ఆగస్టు 6న మాత్రం చుండూరు తప్పొద్దు. ఇంకో పని కూడా ఉంది. అటక మీద పడి ఉన్న తాత సిర్ర, తోలు గీకే కత్తి, చెప్పులు కుట్టే ఆరె, నాయనమ్మ నాట్ల పాటలు రాసుకున్న నోటుబుక్కు, కారంచేడు నాటి కరపత్రం... పాత సామానోడికి వేయకుండా అంబేద్కర్ భవనంలో ఒక బీరువాలో పెట్టి, ఎవరివో పేరు రాయండి. పేరు రాయకపోతే అవి వట్టి సామాను.

పురావస్తు శాఖకు ఒక మహజరు తయారుచేశాం, ఈ సంచికతో పాటే పంపుతున్నాం. అడుగుతున్నది ఒక్కటే: అసలు రాయి ఎక్కడున్నా, విధికుడి శాసనం నకలు అమరావతి మ్యూజియంలో పెట్టాలి. దాని పక్కనే అందులోని మాటలు తెలుగులో, ఏడో తరగతి పిల్లాడు చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో రాయాలి. చర్మకారుడు అన్న మాట మింగకూడదు. సంతకాలు చేయించి వచ్చే పక్షం లోపల పంపండి. వేలిముద్రలైనా చెల్లుతాయి. ట్రిప్పుకు వెళ్లేవాళ్లకు ఒక మాట: మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, ఆ రోజు బస్సు మాట్లాడుకోకండి.