మాజీ సైనికుల సమ్మేళనాలు: బడాఖానా పక్కనే పెన్షన్ కౌంటర్ ఎందుకు ఉంటోంది?

ఏటా జనవరి 14న దేశమంతటా సాయుధ బలగాల వెటరన్స్ డే జరుపుతారు. భారత సైన్యానికి తొలి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్‌గా పనిచేసిన కె.ఎం.కరియప్ప 1953లో పదవీ విరమణ చేసింది ఆ రోజే. 2016 నుంచి ఆ తేదీని మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు.

మన దగ్గర ఆ రోజుకు ఇంకో ప్రత్యేకత ఉంది. భోగి, సంక్రాంతి సరిగ్గా ఆ సమయానికే వస్తాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఊళ్లకు చేరతారు. మిలిటరీలో పనిచేసి వచ్చిన నాన్నో, తాతయ్యో మెడల్స్ పెట్టుకుని సమ్మేళనానికి బయల్దేరుతుంటే కారులో దింపి వచ్చే పని చాలాసార్లు ఈ పిల్లలదే.

అక్కడికి వెళ్లాక ఒక విషయం కనిపిస్తుంది. అమరులకు నివాళి, పాత కబుర్లు, భోజనాలు ఒకవైపు. ఫైళ్లు, ఆధార్ జిరాక్సులు పట్టుకుని కౌంటర్ల ముందు నిలబడ్డ వరుసలు మరోవైపు. ఆ వరుసల్లో మహిళలు ఎక్కువగా కనిపిస్తారు. ఒకప్పుడు బెటాలియన్ స్నేహితులు కలుసుకునే వేడుక ఇప్పుడు పెన్షన్ సేవా కేంద్రంగా ఎందుకు మారింది? అక్కడ తేల్చుకోవాల్సిన విషయాలేంటి?

అసలు ఈ సమ్మేళనాలు ఎన్ని రకాలు?

మొదటిది రెజిమెంట్ రీయూనియన్. దీన్ని ఆ రెజిమెంటే తన సెంటర్‌లో నిర్వహిస్తుంది. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో సెంటర్ ఉంది. ఈఎంఈ, ఆర్మీ ఆర్డ్నెన్స్ కోర్ సెంటర్లు సికింద్రాబాద్‌లో ఉన్నాయి. పాతవాళ్లు, ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్లు ఒకే పంక్తిలో కూర్చుని తినే బడాఖానా ఇక్కడి ఆనవాయితీ.

రెండోది సైన్యం స్వయంగా జిల్లాల్లో నిర్వహించే మాజీ సైనికుల ర్యాలీ. ఇందులో రికార్డు ఆఫీసులు, పెన్షన్ విభాగం, ఈసీహెచ్‌ఎస్ పేరుతో నడిచే వైద్య పథకం, బ్యాంకులు కౌంటర్లు పెడతాయి.

మూడోది జిల్లా, మండల స్థాయి సంఘాల వార్షిక సమావేశం. తాడేపల్లిగూడెం దగ్గర ఇంటింటి నుంచి సైన్యానికి వెళ్లిన చరిత్రతో 'మిలిటరీ మాధవరం'గా పేరు పొందిన ఊరి లాంటి చోట్ల దాదాపు ఊరంతా సంఘమే. మిగతా చోట్ల ఇరవై ముప్ఫై ఊళ్లవాళ్లు ఒకచోట చేరితే గానీ సమావేశం నిండదు.

ఈ సంఘాలు ప్రభుత్వ కార్యాలయాలు కావు. ప్రభుత్వ వ్యవస్థ వేరే ఉంది. ఢిల్లీలో కేంద్రీయ సైనిక్ బోర్డు, రాష్ట్రంలో సైనిక సంక్షేమ శాఖ, జిల్లాలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటాయి. పెన్షన్‌కు గానీ, వైద్యానికి గానీ ఏ సంఘంలోనూ సభ్యత్వం అవసరం లేదు. మరి జనం సంఘం దగ్గరికే ఎందుకు వస్తున్నారు?

బ్యాంకు నుంచి 'స్పర్శ్'కు మారాక ఏమైంది?

ఒకప్పుడు సైనిక పెన్షన్ బ్యాంకు ద్వారా నడిచేది. నవంబరులో బ్రాంచికి వెళ్లి, తాను బతికే ఉన్నానని సంతకం పెట్టి వస్తే ఏడాదికి సరిపోయేది. లెక్కల్లో తప్పులు అప్పుడూ ఉండేవి. కానీ అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు.

ఇప్పుడు రక్షణ పెన్షన్లను 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి తెచ్చారు. ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ ఖాతాల పెన్షన్ విభాగం దీన్ని నడుపుతుంది. 30 లక్షలకు పైగా పెన్షనర్లు ఇందులో ఉన్నారు. మంజూరు నుంచి చెల్లింపు దాకా ఒకేచోట జరగడం, పెన్షన్ లెక్కను పెన్షనరే తెరిచి చూసుకోగలగడం నిజమైన మేలు. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ సవరణ వచ్చినప్పుడు ఒక్కో బ్యాంకు ఒక్కోలా లెక్కకట్టే తలనొప్పి తగ్గింది.

సమస్య పాత రికార్డులతో వచ్చింది. నలభై, యాభై ఏళ్ల కిందట చేత్తో రాసిన వివరాలు కంప్యూటర్లోకి ఎక్కాయి. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. సైన్యం రికార్డుల్లో అది ఒక్కోసారి పొడి అక్షరమై ఉంటుంది, ఒక్కోసారి చివరికి పోయి ఉంటుంది. భార్య పేరు పెళ్లినాటి రికార్డులో 'లక్ష్మి' అని ఉంటే ఆధార్‌లో 'ఆదిలక్ష్మి' అని ఉంటుంది. మనిషికి ఇది తేడా కాదు. కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు.

దాన్ని సరిచేయించడానికి ఏ ఫారం, ఏ రికార్డు ఆఫీసు అన్నది తెలియాలి. ఆర్టిలరీలో పనిచేసినవారికి నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌వారికి వెల్లింగ్టన్. డెబ్బై దాటిన మనిషికి, అందునా స్మార్ట్‌ఫోన్ అలవాటు లేని మనిషికి, ఈ దారి చెప్పేది పక్క ఊరి హవల్దారే. కౌంటర్ల ముందు వరుసలకు మూలకారణం ఇదే.

ఎక్కువ నష్టం ఎవరికి?

పెన్షనర్ బతికున్నంతకాలం పేరులో తేడా చిన్న చికాకు. ఆయన పోయాక అదే పెద్ద సమస్య.

పెన్షనర్ మరణిస్తే భార్యకు కుటుంబ పెన్షన్ రావాలి. సాధారణ రేటు చివరి జీతంలో 30 శాతం. రికార్డులో ఆమె పేరు లేకపోయినా, ఆధార్‌తో కలవకపోయినా మంజూరు ఆగుతుంది. మరణ ధ్రువపత్రం, వివాహ రుజువు, అఫిడవిట్, సర్పంచ్ సంతకం అంటూ నెలలు గడుస్తాయి. ఇంట్లో ఆదాయం ఆగిపోయిన సమయంలోనే ఈ తిరుగుడంతా పడుతుంది.

రెండో నష్టం ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. 80 ఏళ్లు నిండితే పెన్షన్‌పై అదనంగా 20 శాతం ఇస్తారు. 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం. కుటుంబ పెన్షన్‌కూ ఇదే వర్తిస్తుంది. కానీ పెన్షన్ పత్రంలో భార్య పుట్టినతేదీ లేకపోతే ఆమెకు 80 నిండిన సంగతి వ్యవస్థకు తెలిసేదెలా? పాత పీపీవోల్లో భార్య పుట్టినతేదీ గడి ఖాళీగా ఉండటం అరుదేమీ కాదు. ఎవరూ అడగకపోతే ఆ డబ్బు రాదు, రాలేదన్న సంగతీ తెలియదు.

మూడో విషయం పిల్లలది. కొడుకుకు 25 ఏళ్లు నిండితేనో, పెళ్లయితేనో, సంపాదన మొదలైతేనో కుటుంబ పెన్షన్ అర్హత పోతుంది. కానీ తనకాళ్లపై తాను బతకలేని వైకల్యం ఉన్న కొడుకుకు గానీ కూతురికి గానీ నిబంధనలకు లోబడి జీవితాంతం వస్తుంది. తల్లిదండ్రులపై ఆధారపడిన అవివాహిత, భర్త చనిపోయిన, విడాకులు పొందిన కూతుళ్లకూ అర్హత ఉంది. తల్లిదండ్రులు ఉండగానే ఆ వివరాలు రికార్డుల్లోకి ఎక్కించడం ఎంతో తేలిక.

వన్ ర్యాంక్ వన్ పెన్షన్ గొడవ తీరిందా?

ఒకే ర్యాంకులో, ఒకే సర్వీసు కాలంతో రిటైరైనవారికి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ ఉండాలన్నది దీని సారాంశం. 2015లో జంతర్‌మంతర్ దగ్గర నెలల తరబడి సాగిన ధర్నా తర్వాత ఆ ఏడాది నవంబరు 7న ఉత్తర్వులు వచ్చాయి. 2014 జులై 1 నుంచి అమలు. అయిదేళ్లకోసారి సవరణ. ఆ ప్రకారం 2019 జులై, 2024 జులై నుంచి పెన్షన్లు మళ్లీ నిర్ణయించారు.

సంఘాల అభ్యంతరం ఆ అయిదేళ్ల విరామం మీదే. మధ్యలో రిటైరైనవారికీ, పాతవారికీ మళ్లీ తేడా పెరుగుతుందని, ఏటా సమం చేయాలని కోరాయి. 2022 మార్చి 16న సుప్రీంకోర్టు ప్రభుత్వ విధానంలో రాజ్యాంగపరమైన లోపం లేదని తేల్చింది. అదే తీర్పులో 2019 సవరణను అమలు చేసి బకాయిలు చెల్లించమంది. చెల్లింపు ఆలస్యమైతే 2023 మార్చిలో మళ్లీ గడువులు పెట్టింది. కుటుంబ పెన్షనర్లకు, శౌర్య పతకాలు పొందినవారికి మొదట, 70 దాటినవారికి తర్వాత, మిగిలినవారికి 2024 ఫిబ్రవరి చివరిలోగా వాయిదాల్లో ఇవ్వాలని ఆదేశించింది.

ఈ క్రమంలో సంఘాల పాత్ర స్పష్టంగా కనిపిస్తుంది. సూత్రం విషయంలో అవి ఓడిపోయాయి. బకాయిల విషయంలో గెలిచాయి. కోర్టుకు వెళ్లే స్తోమత లేని లక్షల మందికి ఆ గెలుపు ఫలం అందింది.

పెన్షన్ లేని మాజీ సైనికులూ ఉంటారా?

ఉంటారు. జవాన్లకు సర్వీస్ పెన్షన్ రావాలంటే సాధారణంగా 15 ఏళ్ల సర్వీసు కావాలి. అంతకుముందే వివిధ కారణాలతో బయటికి వచ్చినవారు వృద్ధాప్యంలో చేతిలో డిశ్చార్జ్ బుక్ తప్ప మరేమీ లేకుండా మిగిలారు.

65 ఏళ్లు దాటి, పెన్షన్ గానీ స్థిరమైన ఆదాయం గానీ లేని మాజీ సైనికులకు, వారు మరణిస్తే వారి భార్యలకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నెలకు రూ.4,000 సాయం ఉండేది. 2025 అక్టోబరులో దాన్ని రూ.8,000కు పెంచారు. పిల్లల చదువు సాయం ఒక్కొక్కరికి నెలకు రూ.1,000 నుంచి రూ.2,000 అయింది. ఇద్దరు పిల్లల వరకు, డిగ్రీ దాకా ఇస్తారు. కూతురి పెళ్లికి, భర్తను కోల్పోయిన మహిళ పునర్వివాహానికి ఇచ్చే సాయం రూ.50,000 నుంచి రూ.లక్షకు పెరిగింది. 2025 నవంబరు 1 నుంచి వచ్చిన దరఖాస్తులకు ఇవి వర్తిస్తాయి. హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకుల వారిని ఉద్దేశించిన పథకాలివి.

ఇవి తమంతట తాము ఇంటికి రావు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి. పెన్షన్ లేని మనిషి పెన్షన్ కౌంటర్ దగ్గరికి రాడు, సంఘం సమావేశానికీ తరచూ రాడు. ఎక్కువ అవసరం ఉన్నవారే ఈ వలయం బయట ఉండిపోతున్నారు. సంఘాలు ఏటా వేసుకోవాల్సిన ప్రశ్న 'ఎంతమంది వచ్చారు' అన్నది ఒక్కటే కాదు. 'ఎవరు రాలేదు' అన్నది కూడా.

వైద్యం సంగతేంటి?

2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ కింద దేశవ్యాప్తంగా నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లు ఉన్నాయి. అక్కడి నుంచి రిఫరల్‌తో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో నగదు లేకుండా చికిత్స దొరుకుతుంది. బిల్లుల చెల్లింపు ఆలస్యమవుతోందని ఆసుపత్రులు, పడకల్లేవంటున్నారని పెన్షనర్లు చేసే ఫిర్యాదులు సమావేశాల్లో తరచూ వినిపిస్తాయి.

అత్యవసరమైతే రిఫరల్ అక్కర్లేదు. ఒప్పందం లేని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. తర్వాత నిర్ణీత రేట్ల ప్రకారం డబ్బు తిరిగి వస్తుంది, మొత్తం బిల్లు కాదు. రాత్రిపూట ఆసుపత్రికి పరుగెత్తేది నగరంలో ఉన్న పిల్లలే కాబట్టి ఈ 48 గంటల సంగతి వాళ్లకు తెలిసి ఉండాలి.

రేపటి సభ్యులు ఎవరు?

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరిన తొలి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండేది 2026 చివర, 2027 మొదట్లో. వారిలో 25 శాతం వరకు సర్వీసులో కొనసాగే వీలుంది. మిగిలినవారు సుమారు రూ.11.71 లక్షల సేవానిధితో బయటికి వస్తారు. పెన్షన్ లేదు. మాజీ సైనికుల హోదా, దాంతో వచ్చే వైద్య పథకం కూడా లేవు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో రిజర్వేషన్ ప్రకటించారు.

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల ఆ యువకుడికి సంఘంలో చోటుందా? నిబంధనల ప్రకారం ఆయన మాజీ సైనికుడు కాదు. యూనిఫాం మాత్రం వేసుకున్నాడు. ఇప్పుడున్న సంఘాలు ప్రధానంగా పెన్షన్ చుట్టూ అల్లుకున్నవి. రాబోయేవారి అవసరం ఉద్యోగం. ఈ మార్పుకు సంఘాలు సిద్ధపడితే పదేళ్ల తర్వాతా నిలుస్తాయి. లేకపోతే ఏటేటా మౌనం పాటించాల్సిన పేర్లు పెరిగి, కుర్చీలు తగ్గుతాయి.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఏం చూడాలి?

నాన్నగారి పీపీవో, డిశ్చార్జ్ బుక్ బయటికి తీయండి. వాటిని ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పక్కన పెట్టి చూడండి.

అమ్మ పేరు అన్నిటిలో ఒకేలా ఉందా? ఆమె పుట్టినతేదీ పీపీవోలో ఉందా? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా? స్పర్శ్‌లో నమోదైన ఫోన్ నంబరు ఎవరిది? ఎప్పుడో మూలనపడ్డ సిమ్‌ది అయితే ఓటీపీలన్నీ అక్కడికే పోతుంటాయి.

లైఫ్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో చూడండి. చాలామందికి అది నవంబరే. జీవన్ ప్రమాణ్ ద్వారా ముఖ గుర్తింపుతో మీ ఫోన్‌లోనే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన చేతులకు ఇది పెద్ద ఊరట. కుదరకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లొచ్చు. పెన్షన్ ఆగిపోతుందని భయపెట్టి ఫోన్‌లో ఓటీపీ అడిగేవారికి మాత్రం చెప్పొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

తేడా కనిపిస్తే నాన్నగారు ఉండగానే దిద్దించండి. ఆయన సంతకంతో, ఒక దరఖాస్తుతో అయ్యే పని తర్వాత అమ్మ ఒక్కతే పది ఆఫీసులు తిరగాల్సిన పని అవుతుంది. పండగ సెలవుల్లో దానికి ఓ పూట చాలు.