లారీ రోబో అవ్వడానికి ఎన్ని స్టెప్పులు కావాలి?

ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు కలెక్ట్ చేసేవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే చాలు, మూడో నిమిషంలో ఈ మాట వచ్చి తీరుతుంది. "ఈ మధ్య బొమ్మల్ని మరీ సింపుల్ చేసేశారు బాసూ!" రెండోవాడు ఊరుకుంటాడా? "సింపుల్ అయితే తప్పేంటి? బొమ్మతో ఆడుకోవాలా, మాన్యువల్ ముందేసుకుని పరీక్ష రాయాలా?" ఇక అక్కణ్నుంచి మొదలు. ఆప్టిమస్ ప్రైమ్, మెగాట్రాన్ కూడా ఇంతలా కొట్టుకుని ఉండరు.

చూసేవాళ్లకి ఇది కామెడీయే. పెళ్లీడుకొచ్చినవాళ్లు బొమ్మల కోసం గొడవపడటమేంటి అనిపిస్తుంది. కానీ గొడవ లోపల ఒక మంచి ప్రశ్న ఉంది. కష్టంగా ఉన్నదే గొప్పదా?

ముందు కాస్త ఫ్లాష్‌బ్యాక్. ఈ బొమ్మలు పుట్టింది జపాన్‌లో. టకారా అనే కంపెనీ 1980ల మొదట్లో డయాక్లోన్, మైక్రో చేంజ్ అని రెండు సిరీస్‌లు అమ్మేది. కార్లు, లారీలు, తుపాకీ, క్యాసెట్ ప్లేయర్... అన్నీ రోబోలుగా మారేవి. అమెరికా కంపెనీ హాస్‌బ్రో వాటిని తీసుకుని, కొత్త పేర్లు పెట్టి, మంచి రోబోలు - చెడ్డ రోబోలు అని ఒక కథ అల్లి, 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో వదిలింది. డయాక్లోన్‌లో బ్యాటిల్ కాన్వాయ్ అనే లారీయే తర్వాత మనందరి ఆప్టిమస్ ప్రైమ్ అయింది. దాన్ని డిజైన్ చేసినవాళ్లలో మాక్రాస్ విమానాలతో పేరు తెచ్చుకున్న షోజీ కవమోరి కూడా ఉన్నాడు.

"పాత బొమ్మల ఇంజినీరింగే వేరు" అనేవాళ్లు ఒక్కసారి ఆ 1984 ప్రైమ్‌ని గుర్తు చేసుకోవాలి. లారీ వెనక భాగం సాగదీస్తే కాళ్లు. పక్కలు బయటికి తిప్పితే చేతులు. తల పైకి లేపితే అయిపోయింది. పిడికిళ్లయితే విడి ముక్కలు, మనమే తెచ్చి గుచ్చుకోవాలి. అవి మంచం కిందికి దొర్లిపోతే ప్రైమ్ జీవితాంతం చేతులు లేని నాయకుడే. అదే ఏడాది వచ్చిన చిన్న బంబుల్‌బీ ఇంకా సింపుల్. చేతులు లాగు, కాళ్లు లాగు, అంతే.

అంటే మొదట్లో కష్టంగా ఉండి తర్వాత తేలికైపోయాయి అనడం కరెక్ట్ కాదు. తేలికగా మొదలయ్యాయి, కొండెక్కాయి, మళ్లీ కొంచెం కిందికి దిగాయి. 1996లో బీస్ట్ వార్స్ వచ్చాక బాల్ జాయింట్లు మామూలైపోయాయి. 2003లో పెద్దవాళ్ల కోసం మాస్టర్‌పీస్ సిరీస్ మొదలైంది. 2007లో మైకేల్ బే సినిమా వచ్చింది. తెర మీద కారు వేల ముక్కలై, గాల్లో తిరిగి, రోబోగా అతుక్కుంటుంది. గ్రాఫిక్స్‌లో ఏ ముక్క ఎటు పోయినా అడిగేవాడు లేడు. బొమ్మ చేసేవాడికి ఆ సౌకర్యం లేదు. ప్రతి ముక్కా ఏదో ఒక కీలుకి వేలాడాల్సిందే. ఆ పోటీలో వచ్చిందే 2009 నాటి లీడర్ క్లాస్ ఆప్టిమస్ ప్రైమ్. కొండ శిఖరం అదే అని ఇప్పటికీ చాలామంది ఒప్పుకుంటారు. మొదటిసారి మార్చేవాడు మాన్యువల్ పక్కన పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి కూర్చోవాలి.

ఇక దిగడం ఎక్కడ మొదలైంది? 2014లో నాలుగో సినిమాతో పాటు వన్ స్టెప్ చేంజర్స్ వచ్చాయి. పేరులోనే ఉంది. ఒక్క లాగు లాగితే కారు రోబో అయిపోతుంది. ఇవి చిన్నపిల్లలకి కాబట్టి పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు. కోపం వచ్చింది మధ్య సైజు బొమ్మల మీద. చేతుల వెనక బోలుగా ఖాళీలు, తగ్గిన ముక్కలు, పెరిగిన రేటు. డీలక్స్ సైజు బొమ్మ 2007లో అమెరికాలో సుమారు 10 డాలర్లు. తర్వాత అది దాదాపు 25 దాకా వెళ్లింది. "డబ్బులు డబుల్ దాటాయి, స్టెప్పులు సగమయ్యాయి" అనేది ఒక వర్గం వాదన.

కంపెనీ వైపు లెక్క కూడా చూద్దాం. ఒక్క కీలు పెంచితే మోల్డ్‌లో ఇంకో ముక్క చేరుతుంది, ఇంకో పిన్ను పడుతుంది, ఫ్యాక్టరీలో ఒకరి చేతికి ఇంకో పని పెరుగుతుంది. మడత మీద మడత పడే చోట వెంట్రుకవాసి తేడా వచ్చినా తలుపు మూసుకోదు. కాబట్టి ఒక బొమ్మకి ఇన్ని కీళ్లే అని ఒక బడ్జెట్ ఉంటుంది. అసలు విషయం ఇక్కడే ఉంది. కీళ్లు మాయం కాలేదు, చోటు మారాయి. 1984 ప్రైమ్ నడుం తిప్పలేడు, మడమ వంచలేడు. ఇప్పటి మామూలు సైజు ప్రైమ్ రెండూ చేస్తాడు, మోకాలి మీద కూర్చుని గన్ను గురిపెడతాడు. కారుని రోబో చెయ్యడానికి పెట్టే ఖర్చులో కొంత, రోబోని పోజులో నిలబెట్టడానికి వెళ్లిపోయింది.

దీనికి సాక్ష్యం కావాలంటే 2024లో టకారా టోమీ తెచ్చిన మిస్సింగ్ లింక్ సిరీస్ చూడండి. రూపం, మారే పద్ధతి దాదాపు 1984 నాటివే. అదనంగా ఇచ్చింది పోజు పెట్టడానికి కీళ్లు. అన్నిటికన్నా తేలికైన ట్రాన్స్‌ఫర్మేషన్‌ని పెద్దవాళ్లు పెద్ద ధర ఇచ్చి ముచ్చటగా కొనుక్కున్నారు. మరి సింపుల్ అంటే కోపం ఏమైంది బాసూ?

నా ఉద్యోగం కోడ్ రాయడం కాబట్టి నాకు ఈ స్టెప్పుల లెక్క వింటే ఒకటే గుర్తొస్తుంది. ఎన్ని లైన్లు రాశాడో చూసి ప్రోగ్రామర్‌కి మార్కులు వెయ్యడం. పది లైన్లలో అయ్యే పనికి వంద రాస్తే వాడు మొనగాడు కాదు, తర్వాత వచ్చేవాడికి తలనొప్పి. బొమ్మల్లోనూ అలాంటివి ఉన్నాయి. కలెక్టర్లు వాటిని షెల్‌ఫార్మర్ అంటారు. కారు పైతొక్కంతా ముప్పై మడతలు పెట్టి చివరికి రోబో వీపున స్కూల్ బ్యాగులా తగిలించేస్తారు. స్టెప్పులు బోలెడు, తెలివి తక్కువ. అదే కారు బానెట్ ఒక్కసారి తిప్పగానే ఛాతీ ఏర్పడి, అదే కదలికలో తల బయటికి వస్తే చూడండి, ఆ క్షణానికే మనం డబ్బులిచ్చేది.

కష్టాన్ని ఎంతైనా పెంచొచ్చు అనడానికి 2021లో రోబోసెన్ కంపెనీ చేసిన ప్రైమ్ ఉంది. 27 సర్వో మోటర్లు, 699 డాలర్ల రేటు. నోటితో ఆర్డర్ వేస్తే తనంతట తనే లారీ అయిపోతుంది. అద్భుతమే. కానీ మన చేతులకి పని? సున్నా. వన్ స్టెప్ బొమ్మకన్నా ఒక స్టెప్పు తక్కువ!

అందుకే నాకు పెద్ద కలెక్టర్ల బాధ కన్నా ఇంకొకరి బాధ ముఖ్యం అనిపిస్తుంది. మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. వన్ స్టెప్ బొమ్మ ఇస్తే నాలుగుసార్లు లాగి, సోఫాలో పడేసి ఫోన్ అడిగాడు. తర్వాత ఒక మధ్య సైజు బొమ్మ ఇచ్చాను. ముప్పావుగంట కుస్తీ పట్టాడు. మధ్యలో అలిగాడు, "మామయ్యా, ఇది పాడైంది" అన్నాడు. నేను చెయ్యి పెట్టలేదు. రెండో రోజు మాన్యువల్ తియ్యలేదు. మూడో రోజు నాకు నేర్పించాడు, అదీ కొంచెం పొగరుగా.

ఆ పొగరు వన్ స్టెప్‌లో రాదు. నాలుగు వందల డాలర్ల మాస్టర్‌పీస్‌ని పిల్లాడి చేతికి ఎవరూ ఇవ్వరు. మిగిలింది మధ్య మెట్టు. అదే ఇప్పుడు పెద్దవాళ్ల షెల్ఫుల కోసం తయారవుతోంది, రేటు కూడా అలాగే ఉంటోంది. మన దగ్గర ఇంకో భారం. విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. మామూలు ఇంట్లో నాన్న షాపులో రేటు చూసి వెనక్కి పెట్టేది ఆ మధ్య సైజు పెట్టెనే. పిల్లాడికి దొరికేది ఒక్క లాగు బొమ్మ.

కాబట్టి వాదించుకునే అన్నలకి నాదొక మనవి. స్టెప్పులు లెక్కపెట్టడం ఆపండి. మారాక ఏ ముక్కా ఊరికే వేలాడకుండా ఉందా, నాలుగోసారి మార్చినా వేళ్లకి సరదాగా ఉందా, అది చూడండి. ఇక డబుల్ వచ్చిందనో, కొత్త వెర్షన్ కొన్నామనో పాత బొమ్మని ఆన్‌లైన్‌లో అమ్మేసే ముందు, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లో పిల్లాడో ఉన్నారేమో చూడండి. ఉంటే బొమ్మ ఇచ్చెయ్యండి. మాన్యువల్ కూడా ఇవ్వండి. సాయం మాత్రం చెయ్యకండి.