పదమూడు ముక్కల చదువు

పేకాట మాట ఎత్తగానే మన పెద్దలు ధర్మరాజును తెచ్చి ఎదుట నిలబెడతారు. ఆయన పోగొట్టుకొన్నది ఇంతా అంతా కాదు గనుక ఆ ఉదాహరణను కాదనలేము. కాని మాకు ఈ విషయంలో నలమహారాజు కథ ఇంకా బాగా పనికివస్తుందని తోస్తుంది. నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యం పోగొట్టుకొన్నాడు. ఆ తరువాత ఋతుపర్ణుని రథం తోలుకొని పోతూండగా దారిలో ఒక తాని చెట్టు కనపడింది. రథం మీద కూర్చునే ఋతుపర్ణుడు ఆ చెట్టు ఆకులూ కాయలూ ఇన్నని చెప్పాడు. నలునికి నమ్మకం కలగలేదు. దిగి, చెట్టు కొట్టి, లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది! అశ్వహృదయం ఆయనకిచ్చి అక్షహృదయం తాను పుచ్చుకొన్నాడు. పుష్కరునితో రెండోసారి కూర్చున్నది ఆ తరువాతనే. ఓడినవాడు మళ్ళీ ఆడబోయే ముందు లెక్క నేర్చుకోవడమన్నది ఈ కథలో మాకు నచ్చిన సంగతి.

మన వారు షోలాపురంలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, హోసూరులో ఉన్నా శివరాత్రి జాగారానికీ, సంక్రాంతి మధ్యాహ్నానికీ, పెండ్లివారి విడిదికీ పేక తీయని ఇల్లు అరుదు. అరవదేశంలో స్థిరపడినవారు చీట్లాట అంటారు. పేరేదైనా పదమూడు ముక్కల రమ్మీయే ఎక్కువ. అత్తగారూ కోడలూ మాట్లాడుకోని ఇళ్ళలో కూడ ఈ ఆట దగ్గర మాటలు కలవడం మేము చూశాము. (ఆట పూర్తయ్యేసరికి మళ్ళీ మాటలు ఆగిపోయిన ఇళ్ళు కూడ లేకపోలేదు.)

అయితే కొద్ది సంవత్సరాలుగా ఈ పేక చాప మీదినుంచి లేచి ఫోనులోకి ఎక్కింది. పది రూపాయల ఆట, ఐదు రూపాయల ఆట అని చిన్న పందేలతో మొదలై, పిల్లవాని జీతంలో సగం ఎక్కడికి పోతున్నదో ఇంట్లోవారికి తెలియని పరిస్థితి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2017లోను, ఆంధ్ర ప్రభుత్వం 2020లోను దీనిని నిషేధించాయి. కర్ణాటకం 2021లో చేసిన చట్టాన్ని అక్కడి హైకోర్టు మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో కొట్టివేసింది. తమిళనాడు 2022 చట్టం నిలిచింది గాని, అందులో రమ్మీ, పోకరు ఆటలకు సంబంధించిన భాగాన్ని మద్రాసు హైకోర్టు 2023 నవంబరులో తీసివేసింది. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నేర్పు ఆట అయినా సరే, అదృష్టపు ఆట అయినా సరే. పేరున్న సంస్థలు ఆ నెలలోనే డబ్బు ఆటలు ఆపివేశాయి.

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చును. రమ్మీ నేర్పు ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది గదా అని. చెప్పిన మాట నిజమే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారంలో 1967 నవంబరు 22న ఇచ్చిన తీర్పులో, పడిన ముక్కలు జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వేయాలో తెలియాలి కనుక రమ్మీ ప్రధానంగా నేర్పు ఆటయేననీ, మూడు ముక్కలాట వంటిది కాదనీ అన్నారు. ఆ తీర్పులోనే మరొక మాట కూడ ఉన్నది. పందెపు ఆట మీద ఇంటి యజమాని గాని క్లబ్బు గాని లాభం తీస్తూంటే అది నేరం కావచ్చునని. మొదటి మాటను అందరూ చెప్పుకొన్నారు. రెండో మాటను ఎందుచేతనో ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ఈ లాభం సంగతి కొంచెం లెక్క వేసి చూడవలసినదే. సమానమైన నేర్పు గల నలుగురు తలా పది రూపాయలు పెట్టి ఆడుతున్నారనుకొందాం. ఆడించేవాడు నలభైలో నాలుగు తన సంచిలో వేసుకొని ముప్పైఆరు గెలిచినవానికిస్తాడు. వంద ఆటలు జరిగేసరికి నాలుగు వందలు వాని సంచిలో ఉంటాయి. సగటున నలుగురూ తలా వంద పోగొట్టుకొంటారు. అందరూ ఓడిపోయారు, ఎవరూ తప్పుగా ఆడలేదు! చిన్న పందెమే గదా అన్నవారు చూసుకోవలసినది పందెం కాదు, రోజుకెన్ని ఆటలన్నది. ఫోనులో ముక్కలు కలిపే పని లేదు, పంచే పని లేదు, కాఫీకి లేచే పని లేదు. ఇంట్లో సాయంకాలమంతా పట్టే ఆటలు అక్కడ గంటలో అయిపోతాయి.

ఇంట్లో ఎవరైనా అటువంటి ఆటలో డబ్బు పోగొట్టుకొని, అప్పు చేసి, దానిని దాచుకొంటున్నట్లు తోస్తే వారికి బాగా ఆడడం నేర్పబోవడం మందు కాదు. ఆ అప్పు ఎంతో ముందు బయటికి రానివ్వండి. కోపం తరువాత చూసుకోవచ్చును. కేంద్ర ప్రభుత్వంవారి టెలీ మానస్ అనే ఉచిత సహాయానికి 14416 అంకెకు ఫోను చేస్తే తెలుగులో కూడ మాట్లాడతారు.

కొత్తగా ఆట నేర్చుకోవాలనే సరదా ఉన్నవారికి మాత్రం మా సలహా చింతపిక్కలు. వట్టి చేతులతో ఆడితే ఈ ఆట రాదు. పోయేది ఏమీ లేనప్పుడు ఎవరూ చేయి వదలరు, చివరిదాకా కూర్చుంటారు. ఉచితంగా ఆడించే ఫోను ఆటల్లో కనపడేది ఇదే. అక్కడ అలవాటైనవాడు పందెం దగ్గర కూడ అలాగే కూర్చుంటాడు. కాబట్టి నెల మొదట తలా వంద పిక్కలు పంచండి. ఆటకు పది మధ్యలో పెట్టండి. చివరికి మిగిలినవారు అన్నీ తీసుకొంటారు. పిక్కలు అయిపోయినవారు నెలాఖరు వరకు పేక కలపాలి, పద్దు వ్రాయాలి. అప్పు లేదు, వంటింట్లోకి పోయి డబ్బాలోంచి తెచ్చుకోవడం అంతకంటె లేదు. ఈ కట్టుబాటు ఒకటి ఉంటే ఎనిమిదేండ్ల పిల్ల కూడ మూడో ఆటకల్లా ఆలోచించి ముక్క వేస్తుంది.

ఇక అసలు పాఠం. నూటొక్కటి ఆట అందరికీ తెలిసినదే. ఓడినవారి చేతిలో కలవని ముక్కల విలువ వారి పద్దులో పడుతుంది, 101 చేరితే లేచిపోవాలి. మొదటే చేయి వదిలితే 20, ఒకసారి ముక్క ఎత్తిన తరువాత వదిలితే 40, ఫుల్ కౌంటు 80. ఇప్పుడు చూడండి. వరుసగా ఐదు చేతులు వదిలినవానికి 100, వాడు ఇంకా చాప మీదనే ఉన్నాడు. ఒక్క ఫుల్ కౌంటు తిన్నవానికి మిగిలినది ఒకే ఒక డ్రాపు. కొత్తవారు ఓడేది ఎదుటివాని నేర్పు వల్ల కాదు, వదలవలసిన చేతిని వదలకపోవడం వల్ల. ఒక ముక్క ఎత్తి చూద్దాం, బాగుండకపోతే అప్పుడు వదులుదాం అంటారు. ఆ ఒక్క ముక్క ఖరీదు 20.

ఒక చేయి పరచి చూద్దాం. రెండు పేకలు, అచ్చు జోకర్లు రెండు, తిరగవేసిన జోకరు ఇస్పేటు నాలుగు. మీకు వచ్చినవి: ఇస్పేటులో రాజు, తొమ్మిది, రెండు; ఆటీనులో రాజు, పది, నాలుగు; డైమానులో జాకీ, ఎనిమిది, నాలుగు; కళావరులో ఆసు, రాణి, తొమ్మిది, ఏడు. రెండు జోకర్లు! కొత్తవారి ముఖం వికసిస్తుంది. కాని ఈ చేతిలో లైఫ్ ఎక్కడ? జోకరు సాయం లేకుండా ఒక జాతిలో వరుసగా మూడు ముక్కలు లేనిదే చేతిలోని విలువ అంతా పద్దులో పడుతుంది గదా. ఇక్కడ లైఫ్ ఒక్క ముక్కతో పూర్తి కావాలంటే కళావరు ఎనిమిది రావాలి, లేదా కళావరు రాజు రావాలి. రెండు పేకల్లో కలిపి నాలుగే ముక్కలు, మీకు కనపడనివి తొంభై పైచిలుకు. చేతి విలువ కూడితే 95. ఎనభైకి మించి వేయరు కనుక 80. ఇది నిస్సందేహంగా వదలవలసిన చేయి. జోకర్లు ఇల్లు కట్టిన తరువాత సున్నం వేయడానికి పనికివస్తాయి గాని పునాదికి పనికిరావు.

ఆడదగిన చేయి వచ్చినప్పుడు కూడ ఇదే లెక్క. ఇస్పేటు ఆరు, ఏడు చేతిలో ఉంటే అయిదు గాని ఎనిమిది గాని కావాలి, నాలుగు ముక్కలున్నాయి. ఆరు, ఎనిమిది ఉంటే ఏడు ఒక్కటే, అంటే రెండు ముక్కలు. ఇస్పేటు ఏడు, ఎనిమిది, వీటితో ఆటీను ఎనిమిది కూడ ఉంటే ఎన్ని? ఇస్పేటు ఆరు, తొమ్మిది నాలుగు ముక్కలు; కళావరు, డైమాను ఎనిమిదులు మరి నాలుగు; మొత్తం ఎనిమిది. మూడు ముక్కలు ఇలా ముక్కోణంగా కూర్చున్న చోటును చెదరగొట్టకండి. అందంగా ఉన్నదని రాజూ ఆసూ పట్టుకొని రాణి కోసం ఎదురుచూడడం కంటె ఇది నాలుగింతలు మేలు. ఇంకొకటి. ఆసు, రెండు, రాజు, ఈ మూడూ రెండేసి వరుసల్లోనే ఇముడుతాయి, తక్కిన ముక్కలన్నీ మూడేసి వరుసల్లో. పెద్ద ముక్కలు ముందు వేయమని పెద్దలు చెప్పేది పది విలువ కోసమే కాదన్నమాట.

(కళావరును డచ్చివారు క్లావెర్ అంటారు. పదిహేడో శతాబ్దం ఆరంభంలోనే వారు మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టారు. మన చాప మీదికి ఎంత దూరంనుంచి మాటలు వచ్చాయో!)

కాని ఈ లెక్కలన్నీ పడిన ముక్కలు గుర్తున్నవానికే. కావలసిన తొమ్మిది రెండూ కింద పడిపోయిన తరువాత కూడ దానికోసం కూర్చునేవారిని ప్రతి చాప మీద చూస్తాము. ఒరిస్సాలో గంజపా, మహారాష్ట్రంలో సావంతవాడి గంజిఫా ఆడిన పాతవారు ఈ విషయంలో మనల్ని చూసి నవ్వుతారు. దశావతారపు గంజిఫాలో ముక్కలు 120, పదేసి జాతులు. పడినవి తలచుకోనివాడు అందులో ఒక్క పట్టు కూడ పట్టలేడు. కొత్తవారు అన్నీ గుర్తుపెట్టుకోబోయి ఏదీ గుర్తు లేక విసుగుచెందుతారు. మొదటి నెల మీకు కావలసిన నాలుగైదు ముక్కలనే కనిపెట్టండి. రెండో నెల మీ తరువాత కూర్చున్నవారు ఎత్తుకొన్నవి కనిపెట్టండి. అంతే చాలు.

పోకరు నేర్చుకొనే కుర్రవాళ్ళకు కూడ మొదటి మెట్టు ఇదే. 52 ముక్కల్లో రెండేసి చొప్పున 1,326 రకాలుగా చేయి రావచ్చును, అందులో జంటలు 78. అంటే పదిహేడు చేతులకు ఒక జంట. తక్కిన పదహారింట్లో చాలామటుకు వదిలిపెట్టవలసినవే. గంటసేపు ఊరికే కూర్చోవడం చేతకానివాడు ఆ ఆటలో గెలవలేడు.

ఒక నోటుబుక్కు పెట్టమని కూడ చెబుతాము. గెలుపూ ఓటమీ వ్రాయడానికి కాదు. వదిలిన చేయి ఎందుకు వదిలారో, ఆడిన చేయి ఎందుకు ఆడారో ఒక్క ముక్కలో వ్రాయండి. పై రెండు జోకర్ల చేతిని ఆడి గెలిచినవాడు కూడ తప్పే వ్రాసుకోవాలి. వదిలిన మరుక్షణమే కళావరు ఎనిమిది కనపడినా వదిలినవాడిదే ఒప్పు. ఈ రెండు మాటలూ మనస్ఫూర్తిగా వ్రాయగలిగేసరికి మనిషికి ఆరు నెలలు పడుతుంది. ఫుల్ కౌంటు తిన్న తరువాతి చేతిని మాత్రం ఆ పుస్తకంలో చుక్క పెట్టి గుర్తించండి. అలాంటి చేతులను పంతంతో ఎంత అధ్వాన్నంగా ఆడుతున్నారో నెల తిరిగేసరికి మీ దస్తూరీయే చెబుతుంది. అప్పుడు లేచి మంచినీళ్ళు తాగి రావడం తెలివైన ఆట.

ఈ నెలకు ఒక చేయి ఇచ్చి విడిచిపెడతాము. నూటొక్కటి ఆట. ముగ్గురు మిగిలారు. మీ పద్దు 78, తక్కిన ఇద్దరివి 60, 35. జోకరు మూడు. మీకు వచ్చినవి: ఆటీను అయిదు, ఆరు, ఏడు, రెండు, ఇస్పేటు తొమ్మిది, పది, ఆసు, డైమాను పది, రాణి, మూడు, కళావరు ఆసు, రెండు, జాకీ. వదిలితే 98 అవుతుంది, ఇంకొకసారి వదలడానికి వీలుండదు. ఆడి ఓడితే ఆటలోనుంచి పోవచ్చును. వదులుతారా, ఆడతారా? ఆడితే మొదట ఏ ముక్క వేస్తారు? కారణంతో సహా కార్డు వ్రాయండి. ఎవరో గెలిచారని వ్రాయవద్దు, ఎందుకని వ్రాయండి.