ఉప్పు తిన్నవాళ్లు, పండించినవాళ్లు

అవమానం దిగమింగుకుని ఊరుకున్నవాణ్ని ‘ఉప్పూ కారం తినడం లేదా?’ అని నిలదీస్తాం. అదే మనిషి జీతమిచ్చే ఆసామికి ఎదురు తిరిగితే ‘తిన్న ఉప్పుకైనా విశ్వాసం ఉండొద్దూ’ అని ముక్కున వేలేసుకుంటాం. పౌరుషానికీ ఉప్పే, అణకువకీ ఉప్పే. రెండో మాట ఆసాముల అరుగుల మీదే పుట్టి ఉంటుందని మా అనుమానం.

ఉప్పంటే మనకి భయం కూడా ఉంది. దీపాలు పెట్టాక పొరుగింటికి బదులివ్వం. చేతిలోంచి చేతిలోకిస్తే తగువులొస్తాయని కింద పెట్టి తీసుకోమంటాం. పిల్లాడు అన్నం ముట్టక మారాం చేస్తే అమ్మమ్మ గుప్పెట్లో రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేస్తుంది. చిటపటమంటే ‘చూశావా, ఎంత దిష్టో!’ అని తీర్పు. ఉప్పుకల్లులో చిక్కుకున్న నీటిబొట్టు ఆవిరై, కల్లును పగలగొట్టుకుని బయటపడే చప్పుడది. పడనివాళ్లని ‘ఉప్పూ నిప్పూ’ అనడం కూడా ఆ పొయ్యి దగ్గర మొదలైందేమో. ప్యాకెట్లో వచ్చే సన్న ఉప్పుకి ఆ సందడి రాదు.

నాన్నంటే ఉప్పంత ఇష్టమని చెప్పి ఇంట్లోంచి గెంటించుకున్న రాజకూతురు, చివరికి చప్పిడి విందు పెట్టి తండ్రి కళ్లు తెరిపించిన కథ చాలా దేశాల్లో ఉంది. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ దానికి దగ్గరి చుట్టమే.

ఇన్ని సామెతల్లో, కథల్లో తినేవాడున్నాడు, పెట్టేవాడున్నాడు. పండించేవాడు మాత్రం కనబడడు. చినగంజాంలోనో, శ్రీకాకుళం జిల్లా నౌపడలోనో ఎండాకాలం ఉప్పుమడుల దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఉప్పునీరు మడుల్లోకి పెట్టి, ఎండకి ఆరనిచ్చి, తేలిన కల్లును గట్టు మీదికి లాగి కుప్పపోస్తారు. మనం తిట్టుకునే ఎండలే వాళ్లకి పంట. ఒక్క అకాల వాన పడిందా, మడిలో పంట మడిలోనే కరిగిపోతుంది.

1930 ఏప్రిల్ 6న గాంధీ దండి తీరంలో గుప్పెడు ఉప్పు తీశాక, మన తీరంలోనూ జనం కుండల్లో సముద్రపు నీళ్లు కాచి ఉప్పు వండారు, లాఠీదెబ్బలు తిన్నారు, జైళ్లకెళ్లారు. అన్నేళ్లూ సర్కారుకు పన్ను కట్టి ఉప్పు తిన్నవాళ్లే సర్కారు మీద తిరగబడ్డారు. అది ఉప్పుకి ద్రోహమని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. వండినవాడూ తిన్నవాడూ ఒక్కడే అయినప్పుడు విశ్వాసం లెక్క మారిపోతుంది మరి.

నౌపడ, చినగంజాం, కాకినాడ వైపు పాఠకులకు ఒక విన్నపం. మీ ఉప్పుమడుల్లో పాడుకునే పాటలు, పనిముట్ల పేర్లు, వాన మబ్బును చూసి తిట్టే తిట్లు యథాతథంగా రాసి పంపండి. భాష దిద్దకండి. రాసినవారితో పాటు చెప్పినవారి పేరూ వేస్తాం.