తపాలా బిళ్ల వెనుక

తపాలా బిళ్లల సేకరణ విద్యార్థిలోకానికి చిరపరిచితమైన వ్యాసంగం. దీనిని పనిలేనివారి కాలక్షేపమని తీసిపారేసేవారు కొందరు. అరుదైన బిళ్ల చేజిక్కితే లక్షలు పలుకుతుందని ఆశపడేవారు మరికొందరు. ఈ రెండు దృష్టులూ సమగ్రమైనవి కావు. బిళ్లకు అసలు విలువ అది మోసిన కబురు వల్ల కలుగుతుంది. ఇందుకు హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపం చక్కని నిదర్శనం. విజయనగరం జిల్లా నెల్లిమర్లలో ఒక విద్యార్థి ఆ ద్వీపపు బిళ్లలనూ చిత్రాల కార్డులనూ సేకరిస్తే, అతడు పరాయి దేశపు వస్తువులను పోగుచేసినట్లు కాదు. తన ప్రాంతపు చరిత్రనే వెతుక్కొన్నట్లు.

మారిషస్ అగ్నిపర్వతాల నుండి పుట్టిన నేల. సుమారు 80 లక్షల సంవత్సరాల క్రితం సముద్రగర్భం నుండి ఎగసిన లావా చల్లారి ద్వీపమైంది. పొరుగున ఉన్న రీయూనియన్ ద్వీపంలో అగ్నిపర్వతం నేటికీ నిప్పులు కక్కుతుండగా, మారిషస్‌లోనివి చల్లారిపోయాయి. అక్కడి నుండి వచ్చే కార్డులపై క్యూర్‌పిప్ పట్టణంలోని అగ్నిపర్వత బిలం, షామరెల్‌లోని ఏడురంగుల నేల, లే మార్న్ కొండ, వాటి చుట్టూ పచ్చని చెరకు తోటలు కనువిందు చేస్తాయి.

ఆ ద్వీపానికి తపాలా చరిత్రలో విశిష్ట స్థానం ఉంది. ప్రపంచంలో తొలి తపాలా బిళ్ల 1840లో ఇంగ్లండులో వెలువడగా, ఏడేళ్లకే, 1847 సెప్టెంబరు 21న, మారిషస్ ప్రభుత్వం తన బిళ్లలను విడుదల చేసింది. జోసెఫ్ బర్నార్డ్ అనే చెక్కడపు పనివాడు రాగిరేకుపై విక్టోరియా రాణి ముఖాన్ని చెక్కాడు. నారింజ ఎరుపులో ఒక పెన్నీ బిళ్లలు 500, నీలిరంగులో రెండు పెన్నీల బిళ్లలు 500 అచ్చయ్యాయి. నేడు లోకంలో మిగిలినవి ముప్పైకి లోపే. రెంటినీ 1993లో మారిషస్ సంస్థలు కొన్ని కలిసి దాదాపు 20 లక్షల డాలర్లు వెచ్చించి స్వదేశానికి తెచ్చుకొన్నాయి. అవి పోర్ట్ లూయిస్‌లోని బ్లూ పెన్నీ మ్యూజియంలో ఉన్నాయి. వెలుతురు సోకి రంగు వెలిసిపోకుండా వాటిపై దీపాన్ని కొద్దిసేపే వెలిగిస్తారు.

అయితే సేకర్తలు గమనించదగిన విషయం మరొకటి ఉంది. ఆ బిళ్లలు రెండూ అంటించి ఫ్రాన్సులోని బోర్డో నగరానికి పంపిన ఒక ఉత్తరం 1993 వేలంలో 57 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అదే వేలంలో విడి బిళ్లలు అంతకంటే ఎంతో తక్కువకు అమ్ముడుపోయాయి. 1850లో బొంబాయిలోని బైబిల్ సంఘానికి చేరిన మరొక ఉత్తరం 1897లో మన దేశపు బజారులోనే బయటపడింది. దానిపై పెన్నీ బిళ్లలు రెండున్నాయి. ఎవరు ఎవరికి, ఎన్నడు, ఎక్కడి నుండి రాశారో తెలిపే ముద్రలతో నిండుగా మిగలడమే ఆ ఉత్తరాల ప్రత్యేకత. బిళ్లను నీళ్లలో నానబెట్టి ఒలిచి, కవరును చెత్తలో పారవేసే అలవాటు ఎంత అనర్థకమో దీనివల్ల తెలుస్తుంది.

ఇక ఆ కథలో రెండవ పుట ఉంది. 1847లో ఆ బిళ్లలలో కొన్నింటిని గవర్నరు భార్య ఇచ్చిన నృత్య విందు ఆహ్వానాలకు అంటించారు. అప్పటికి పదమూడేళ్ల ముందే, 1834 నవంబరులో, చెరకు తోటల పనికి ఒప్పంద కూలీలుగా భారతీయులు అక్కడ దిగడం మొదలైంది. తరువాతి దశాబ్దాలలో సుమారు ఐదు లక్షల మంది వచ్చారు. వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారున్నారు. నెల్లిమర్ల ప్రాంతం ఆనాడు విశాఖపట్నం జిల్లాలోనిదే. కోరంగి రేవు పేరున వారిని అక్కడ కోరంగీలన్నారు. ఆ కూలీలలో అనేకులు అక్షరం ఎరుగనివారు. విందు పిలుపులు నేటికీ భద్రంగా ఉన్నాయి; ఓడ ఎక్కిన కొడుకు తల్లికి పంపదలచిన కబురు మాత్రం కాగితం మీదికే రాలేదు. వారి జాడ మిగిలింది సర్కారు రిజిస్టర్లలో: పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు, ఒక సంఖ్య. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ ఆ రికార్డులను కాపాడుతున్నది. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

ఈ సంగతి తెలిసినవాడు చిత్రపు కార్డును వేరొక విధంగా చూస్తాడు. చెరకు తోటల నడుమ గుట్టలుగా పేర్చిన నల్లరాళ్లు అతనికి ప్రకృతి వింతగా తోచవు. అవి అగ్నిపర్వతం చిమ్మిన రాళ్లే. వాటిని ఏరి నేలను సాగుకు తెచ్చినవి మాత్రం కూలీల చేతులు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. సింహాద్రి అప్పన్నకు అక్కడి తెలుగువారు నేటికీ పూజలు చేస్తారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ గడ్డ మీదే జరిగాయి. ఉత్తరాలు అందకపోయినా బంధం తెగలేదు.

చేతిలో ఫోను ఉండగా కార్డులెందుకని నేటి యువతరం అడగవచ్చు. ప్రశ్న సహేతుకమే. ఫోను కబురును క్షణంలో చేరవేస్తుంది. దూరపువారి ముఖాన్ని కళ్లముందు నిలుపుతుంది. ఆ మేలును కాదనలేం. కాని ఫోను మారిస్తే అందులోని మాటలు పోవచ్చు. కార్డుపై చేతిరాత, తేదీ ముద్ర, ఊరి పేరు మూడు తరాల తరువాతైనా సాక్ష్యం పలుకుతాయి. ఈ వ్యాసంగానికి ధనం కూడా అవసరం లేదు. మారిషస్ నీలిబిళ్ల కొనగలిగినవారు లోకంలో కొద్దిమందే. ఇంటిలోని పాత ఉత్తరాన్ని దాచుకోగలిగినవారు అందరూ.

ఉత్తరాంధ్రకు వలస కొత్త కాదు. మారిషస్ తరువాత బర్మాకు, ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారాలకు, బెంగాల్ జనపనార మిల్లులకు జనం తరలిపోయారు. జనపనార మిల్లు గల నెల్లిమర్లకు ఆ జీవితం అపరిచితం కాదు. దూరాన ఉన్నవారు రాసిన ఉత్తరం ముక్కలు, మనియార్డరు కూపన్ల మీద ఇరికించి రాసిన నాలుగు మాటలు ఒకప్పుడు గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చి ఉండేవి. ఇల్లు సర్దేవేళ అవి పొయ్యిలోకి పోతున్నాయి. ద్వీపాంతరాల బిళ్లలు సేకరించడం మెచ్చదగినదే. అయితే ఆల్బంలో మొదటి పుట ఆ తీగకు గుచ్చిన కార్డుది కావాలి. బిళ్ల చిరిగినా సరే, ముద్ర మాసినా సరే, దానిని ఒలవకుండా, కత్తిరించకుండా ఉన్నది ఉన్నట్లుగా దాచాలి. మారిషస్ వెళ్లిన పూర్వికుల మాటలు ఈ నేలకు దక్కలేదు. తరువాతివారి మాటలైనా దక్కించుకోవడం నేటి విద్యార్థుల చేతిలో ఉంది.